ట్రిప్ ఆగింది, మోటారు కాలబోయింది: బాలానగర్‌లోని ఒక డ్రైవ్ మరమ్మతు దుకాణం గురించి

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాయబోయే పొరపాట్లలో రెండు నా చేతులతో చేసినవే. వాటిని పట్టుకున్నది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న డ్రైవ్ మరమ్మతు దుకాణం నడిపే ఒక పెద్దమనిషి. డ్రైవ్ అంటే మోటారుకు వెళ్లే కరెంటును మార్చి దాని వేగాన్ని పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పెట్టె. దుకాణం పేరు రాయవద్దని ఆయనే అడిగారు. అక్కడ ఉన్నది ఆయన, ఇద్దరు కుర్రాళ్లు. పని ఎక్కువైతే ఇచ్చిన మాట నిలబెట్టుకోలేమని ఆయన భయం. అందుకే పేరు లేకుండానే రాస్తున్నాను. డబ్బు ఖర్చు పెట్టినవాడికి ఏమి దక్కిందో, ఏమి దక్కలేదో రెండూ రాస్తాను.

మా బాయిలర్ ఊకతో మండుతుంది. పొయ్యిలోని పొగను లాగి పొగగొట్టంలోకి తోసే ఐడీ ఫ్యానుకు 30 హెచ్‌పీ మోటారు ఉంది. నేమ్‌ప్లేటు మీద 22 కిలోవాట్లు, 415 వోల్టులు, డెల్టా, 39.5 ఆంపియర్లు అని ఉంటుంది. దానికి బిగించిన డ్రైవ్ మాత్రం 30 కిలోవాట్లది. మే నెలలో బాయిలర్ పక్కన నిలబడినవాళ్లకు, ఆ వేడికి ఒక సైజు పెద్దది ఎందుకు పెట్టామో చెప్పనక్కర్లేదు. ఆరేళ్లు ఆ డ్రైవ్ మాకు ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

గత యాసంగిలో, ఏప్రిల్ రెండో వారం నుంచి, అది రోజూ తెల్లవారుజామున ఆగడం మొదలుపెట్టింది. నాలుగు గంటలకు పొయ్యి వెలిగిస్తాం. ఫ్యాను పూర్తి వేగం అందుకున్న రెండు మూడు నిమిషాలకు మోటారు ఓవర్‌లోడ్ అని చూపి ఆగిపోయేది. ఇలా డ్రైవ్ తనంతట తాను ఆపేయడాన్నే ట్రిప్ అంటాం. పది నిమిషాలు ఆగి రీసెట్ చేస్తే మళ్లీ అదే. ఆరున్నర దాటాక మాత్రం ఏమీ జరగనట్టు రాత్రి దాకా తిరిగేది. ఐడీ ఫ్యాను ఆగితే పొగ వెనక్కి తన్ని ఊక వేసే చోటి నుంచి మనుషుల ముఖం మీదికి వస్తుంది. ఆవిరి పడిపోతుంది. నానిన వడ్లకు సమయానికి ఆవిరి పట్టకపోతే ట్యాంకులోనే పులుపు వాసన వస్తుంది, బియ్యం రంగు తిరుగుతుంది. బయట సాగర్ ఎడమ కాలువ కింద కోసిన వడ్లతో లారీలు బారులు తీరి ఉంటే లోపల మనం రీసెట్ బటన్ నొక్కుతూ నిలబడటం ఎంత నరకమో మిల్లులో పనిచేసినవాళ్లకు తెలుసు.

మొదట పిలిచింది బాలానగర్ ఆయనను కాదు. ఆ డ్రైవ్ అమ్మిన కంపెనీ తరఫున సర్వీసు చేసే సంస్థను పిలిచాం. వాళ్ల పేరు కూడా ఇక్కడ రాయను. ల్యాప్‌టాప్‌తో ఒక యువకుడు వచ్చాడు. మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చాడు, అంటే ఫ్యాను బుద్ధిగా తిరుగుతున్న వేళ. మోటారు వైపు చూడలేదు. ఫ్యాను దగ్గరికి వెళ్లలేదు. ఇరవై నిమిషాల్లో డ్రైవ్ లోపలి పవర్ కార్డు పోయిందని తేల్చాడు. మూడో రోజు కొత్త కార్డు వచ్చింది. బిల్లు 35,000, దాని మీద 18 శాతం పన్ను, మొత్తం 41,300 రూపాయలు. మరుసటి తెల్లవారుజామున ట్రిప్ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మా సేటు నా భుజం తట్టారు. నేనూ కంటి నిండా నిద్రపోయాను.

తొమ్మిదో రోజు పొద్దున అయిదు గంటలకు ఐడీ ఫ్యాను పక్కనుంచి పోతుంటే వార్నిష్ వాసన తగిలింది. రివైండింగ్ షాపులో కాలిన మోటారు విప్పినప్పుడు వచ్చే వాసన అది. ఒకసారి ఎరిగినవాడు మరిచిపోడు. మోటారు ఒంటి మీద చేతి వెనక భాగం ఆనించాను. ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను. డ్రైవ్ డిస్‌ప్లే మాత్రం ఏ లోపమూ చూపకుండా పచ్చగా వెలుగుతోంది.

పక్క మిల్లు ఎలక్ట్రీషియన్ ఇచ్చిన నంబరు నా దగ్గర ఉంది. వేళ కాని వేళ అని తెలిసి కూడా చేశాను. ఆయన ఎత్తారు.

"కోడ్ ఏమి చూపిస్తోంది తమ్ముడూ?"

"ఇప్పుడు ఏమీ లేదన్నా. మొన్నటిదాకా మోటారు ఓవర్‌లోడ్ వచ్చేది. కార్డు మార్చాక ఆగిపోయింది. ఇప్పుడు మోటారు నుంచి వాసన వస్తోంది."

"నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు ఎన్ని?"

"ముప్పై తొమ్మిదిన్నర."

"డ్రైవ్‌లో మోటారు రేటెడ్ కరెంటు ఎంత పెట్టి ఉందో చూసి చెప్పు. ఫోను పెట్టేయకు."

పారామీటర్లలోకి వెళ్లి చదివాను. 57 అని ఉంది.

"వెంటనే ఫ్యాను వేగం తగ్గించు. ఆ అంకెను ముప్పై తొమ్మిదిన్నర చేయి. రేపు పొద్దున మళ్లీ ట్రిప్ అవుతుంది, కానివ్వు. రాత్రి బస్సుకు వస్తున్నాను."

అసలు జరిగింది ఇది. కార్డు మార్చాక డ్రైవ్‌లోని మోటారు రేటెడ్ కరెంటు ఫ్యాక్టరీ విలువకు వెళ్లిపోయింది. 30 కిలోవాట్ల డ్రైవ్ కాబట్టి తనకు 30 కిలోవాట్ల మోటారు కట్టారని అది అనుకుంటుంది. అందుకే 57 ఆంపియర్లు. దాన్ని మా మోటారుకు తగినట్టు దించాల్సిన బాధ్యత ఆ కార్డు మార్చినవాళ్లది. వాళ్లు దించలేదు. మోటారు మోయలేని బరువు అలాగే ఉంది, మోయలేకపోతున్నానని అరిచే నోరు మాత్రం నొక్కేశారు. తెలియక చేశారో, తెలిసి చేశారో నాకు తెలియదు. ఏది అయినా 41,300 రూపాయలు తీసుకొని మా మోటారుకు ఉన్న ఒక్క కాపలాను తీసేసి వెళ్లారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఇన్సులేషన్ తట్టుకోవలసిన వేడి కన్నా పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. ఎనిమిది రోజులు మా మోటారు రోజుకు రెండు గంటలు అలా ఉడికింది.

మరునాడు తెల్లవారుజామున మూడున్నరకు ఆయన గేటు దగ్గర దిగారు. అరవై దాటిన మనిషి. భుజానికి ఒక గుడ్డ సంచి. అందులో వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు, ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే 500 వోల్టుల మెగ్గరు, వేడి చూసే తుపాకీ లాంటి థర్మామీటరు, ఒక సుద్దముక్క, స్క్రూడ్రైవర్ల డబ్బా. టీ తాగుతూ నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఎప్పటి నుంచి వస్తోంది, రోజులో ఏ వేళకు వస్తోంది, అది మొదలయ్యే ముందు మీరు ఏమి మార్చారు. మూడోదానికి నేను ఏమీ మార్చలేదన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు.

పొయ్యి వెలిగించారు. ఫ్యాను వేగం అందుకుంది. ప్యానెల్ తెరిచి, డ్రైవ్ నుంచి మోటారుకు పోయే మూడు వైర్లకూ ఒక్కొక్కదానికీ టాంగ్ టెస్టరు తగిలించారు. 51. 51. 52. డిస్‌ప్లే చూశారు. అక్కడా 51. నన్ను దగ్గరకు పిలిచి ఆ అంకెలు చూపించారు. "మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయి. వైండింగ్ దెబ్బతింటే ఇలా ఉండవు. మీటరూ డ్రైవూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి డ్రైవ్‌లో కరెంటు కొలిచే సెన్సార్లూ బాగున్నాయి. డ్రైవ్ అబద్ధం చెప్పడం లేదు తమ్ముడూ. మోటారు నిజంగానే 51 లాగుతోంది. ఎందుకు లాగుతోందో చూద్దాం." ఆయన ఈ మాట అంటుండగానే ట్రిప్ అయింది.

నలభై ఒక్క వేలు పోసిన ప్రశ్నకు నాలుగు అంకెల్లో జవాబు. అది కొలవడానికి కావలసిన టాంగ్ టెస్టరు నా నడుముకూ వేలాడుతోంది. నేను కొలవలేదు.

వేగం తగ్గించి నడిపిస్తూ ఆరున్నర దాకా వేచి ఉన్నాం. పొగ వేడెక్కాక మళ్లీ అదే వేగానికి తెచ్చారు. ఇప్పుడు 39. అదే మోటారు, అదే ఫ్యాను, అదే వేగం, పన్నెండు ఆంపియర్ల తేడా. అప్పుడు సంచిలోంచి సుద్దముక్క తీసి ప్యానెల్ తలుపు మీద లెక్క వేశారు. ఫ్యాను దగ్గర పొగ వేడి పగటిపూట 150 డిగ్రీలు. పొయ్యి వెలిగించే వేళ 30. కెల్విన్‌లోకి మార్చడానికి రెండింటికీ 273 కలిపితే 423, 303. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే దగ్గరదగ్గర 1.4. చల్లటి గాలి వేడి పొగ కన్నా అంత బరువు. ఐడీ ఫ్యానును వేడి పొగ లాగడానికి లెక్కకట్టి చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు దాన్ని పూర్తి వేగంతో తిప్పితే ఒక్కో చుట్టుకూ నలభై శాతం ఎక్కువ బరువు ఎత్తుతుంది.

మరి ఆరేళ్లుగా రానిది ఇప్పుడే ఎందుకు వచ్చిందని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా ఫ్యాను దగ్గరికి నడిచారు. గాలి దారిని మూసి తెరిచే తలుపు లాంటి డ్యాంపరు కడ్డీ పట్టుకొని కదిపి చూశారు. కదల్లేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నిరుడు ఆ కడ్డీ విరిగితే, వేగం తగ్గించడానికి డ్రైవ్ ఉంది కదా, ఇక డ్యాంపరు ఎందుకని పూర్తిగా తెరిచి వెల్డింగ్ చేయించింది నేనే. అంతకుముందు పాత బాయిలర్ ఆపరేటరు పొయ్యి వెలిగించేటప్పుడు డ్యాంపరును పావు వంతే తెరిచేవాడు. అతను అలవాటుగా చేసిన పని మోటారును కాపాడుతోందని మాలో ఎవరికీ తెలియదు. ఆ యాసంగికి కొత్త ఆపరేటరు వచ్చాడు. ఆవిరి త్వరగా ఎక్కాలని వెలిగించగానే వేగం పెంచే నాబ్ చివరిదాకా తిప్పేవాడు.

చివరిదాకా అంటే 53 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే డ్రైవ్ మోటారుకు పంపే కరెంటు పౌనఃపున్యం, మోటారు వేగం దాన్ని బట్టే ఉంటుంది. అది కూడా నా పనే. నానబెట్టే ట్యాంకులు రెండు పెంచాక ఆవిరి చాలడం లేదని సేటు అంటే, గరిష్ఠ వేగాన్ని 50 నుంచి 53కు పెంచాను. మూడు హెర్ట్జ్ ఎంతలే అనుకున్నాను. ఆయన మళ్లీ సుద్ద తీశారు. ఫ్యానుకు కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 53ను 50తో భాగిస్తే 1.06. దాని ఘనం 1.19. వేగం ఆరు శాతం పెంచితే భారం పంతొమ్మిది శాతం పెరిగింది. పైగా 50 దాటాక డ్రైవ్ వోల్టేజీని ఇంక పెంచలేదు, 415 దగ్గరే ఆగిపోతుంది. పెరిగిన భారమంతా కరెంటు మీదే పడుతుంది. పగటి వేళ 53 హెర్ట్జ్ దగ్గర కూడా మా మోటారు సరిగ్గా అంచు మీద నడుస్తోంది. తెల్లవారుజామున చల్లగాలి దాన్ని అంచు నుంచి తోసేస్తోంది.

అక్కడే మూటలు దించుతున్న హమాలీలను చూపించి ఆయన చెప్పిన మాట ఒకటి రాయాలి. ఓవర్ కరెంటుకూ ఓవర్‌లోడ్‌కూ తేడా చాలామందికి తెలియదన్నారు. ఓవర్ కరెంటు అంటే మనిషి మీద ఒక్కసారిగా గోడ కూలడం. షార్టు అయినప్పుడు వచ్చేది అది, డ్రైవ్ కన్ను మూసి తెరిచేలోగా ఆపేస్తుంది. ఓవర్‌లోడ్ అలా కాదు. హమాలీ రెండు బస్తాలు కూడా మోస్తాడు, పది అడుగులు అయితే. అదే బరువుతో గంటసేపు నడవమంటే నడుము పోతుంది. ఎంత బరువు, ఎంతసేపు అన్న రెండింటినీ కలిపి డ్రైవ్ లోపల లెక్క వేసుకుంటూ ఉంటుంది. కరెంటును వర్గం చేసి కాలంతో కూడుతుంది. ఆ మొత్తం హద్దు దాటితే ఆపుతుంది. హద్దు ఎక్కడుందో దానికి ముఖ్యంగా చెప్పేది మనం రాసే మోటారు రేటెడ్ కరెంటే. ఆ అంకె తప్పయితే మిగతా లెక్కంతా తప్పే.

కోడ్‌ను సగం చదివి వదిలేయవద్దని కూడా అన్నారు. ఓవర్‌లోడ్ మోటారుదా, డ్రైవ్‌దా అన్నది చాలా డ్రైవ్‌లు విడివిడిగా చెబుతాయి. యస్కావా కంపెనీ డ్రైవ్‌లో ఓఎల్1 అంటే మోటారు, ఓఎల్2 అంటే డ్రైవ్. మిత్సుబిషిలో ఇ-టీహెచ్ఎం మోటారుది, ఇ-టీహెచ్‌టీ డ్రైవ్‌ది. డాన్‌ఫాస్‌లో అలారం 9 డ్రైవ్, 10 మోటారు. మోటారు కోడ్ వస్తే నేమ్‌ప్లేటూ, మోటారు మోసే బరువూ చూడాలి. డ్రైవ్ కోడ్ వస్తే డ్రైవ్ సైజు సరిపోయిందా, వేగం ఎక్కే సమయం మరీ తక్కువ పెట్టారా, కింది వేగాల్లో టార్క్ బూస్ట్ (తిప్పే బలం కోసం ఇచ్చే అదనపు వోల్టేజీ) అవసరానికి మించి ఉందా అని చూడాలి. మాకు వచ్చింది మోటారు కోడ్. మొదట వచ్చిన సంస్థ ఆ ఒక్క ముక్క చదివి ఉంటే కార్డు జోలికి వెళ్లేదే కాదు.

ఇక ఆయన చేసిన పని. సామాను ఒక్కటీ మార్చలేదు. ముందు మోటారు బతికే ఉందా అని చూశారు. మెయిన్ ఆపి, డ్రైవ్ లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా పది నిమిషాలు గడియారం చూసి ఆగారు. డీసీ టెర్మినళ్ల మీద మీటరు పెట్టి నిర్ధారించుకున్నాక, మోటారు వైర్లు డ్రైవ్ నుంచి పూర్తిగా విప్పి పక్కకు వంచి, అప్పుడు మెగ్గరు తగిలించారు. వైర్లు విప్పకుండా మెగ్గరు కొట్టి డ్రైవ్‌ను చంపిన ఎలక్ట్రీషియన్లు తన దుకాణానికి నెలకు ఒకరైనా వస్తారట. 80 మెగాఓమ్‌లు చూపింది. మోటారు బతికింది. నేను ఆ అంకె చూసి గోడకు ఆనుకొని కాసేపు అలాగే నిలబడ్డాను.

గరిష్ఠ వేగం మళ్లీ 50కి దించారు. వేగం ఎక్కే సమయం 15 సెకన్ల నుంచి 60కి పెంచారు. డ్యాంపరు వెల్డింగ్ కోయించి, కొత్త కడ్డీ పెట్టించారు. పొయ్యి వెలిగించిన మొదటి ముప్పావుగంట 40 హెర్ట్జ్ దాటకుండా ఒక స్విచ్చు కలిపారు. 40 దగ్గర ఫ్యానుకు కావలసింది పూర్తి శక్తిలో సగమే, కాబట్టి గాలి చల్లగా ఉన్నా కరెంటు 30 ఆంపియర్లు దాటలేదు. ఆ తర్వాత కరెంటు హద్దును మోటారు రేటింగుకు కొంచెం పైన పెట్టారు. భారం పెరిగితే డ్రైవ్ ట్రిప్ అయ్యే బదులు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. దీన్ని వడ్లు పైకెత్తే ఎలివేటర్లకు కూడా పెడదామా అని అడిగాను. వద్దే వద్దన్నారు. ఫ్యాను వేగం తగ్గితే బరువు తగ్గుతుంది. ఎలివేటరు అడుగున తడి వడ్లు ఇరుక్కున్నప్పుడు వేగం తగ్గితే ఇంకా పేరుకుంటాయి. అక్కడ ట్రిప్ అయి ఆగడమే మేలు. ఒకే సెట్టింగు ఒకచోట మందు, ఇంకోచోట విషం అని తేడా చూపించే మనిషి దొరకడమే కష్టం, అందుకే ఈ సంగతి వివరంగా రాశాను.

ఆవిరి సంగతి ఏమిటని సేటు అడిగారు. ఆదివారం బాయిలర్ ఆపి ఫ్యాను తలుపు విప్పమన్నారు. ఇంపెల్లర్ రెక్కల మీద ఊక బూడిద వేలు మందాన గట్టిపడి ఉంది. గీకి తీశాం. ఆ తర్వాత 50 హెర్ట్జ్ దగ్గరే లాగుడు సరిపోయింది, పగటిపూట కరెంటు 33 దగ్గర నిలబడింది. పొద్దున ఆవిరి ఎక్కడం పది నిమిషాలు ఆలస్యమవుతోంది. అందుకని పొయ్యి పది నిమిషాలు ముందే వెలిగిస్తున్నాం.

బిల్లు 4,500, పైన బస్సు ఛార్జీలు. ఆ తర్వాత యాసంగి అయ్యేదాకా ఒక్క ట్రిప్ లేదు. చేతితో తాకి చూడటం నేను రోజూ చేస్తున్నాను.

ఆయనను దేవుణ్ని చేయడానికి ఇది రాయడం లేదు. తర్వాత ఆగస్టులో ఇంకో డ్రైవ్ ఆయన దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ అనుభవం మిశ్రమంగా ఉంది. దుకాణం బాలానగర్ ఫ్లైఓవర్ కింద నుంచి లోపలి సందుల్లోకి పోతే వస్తుంది. బోర్డు చిన్నది, మొదటిసారి వెళ్లినవాడు రెండుసార్లు దాటిపోతాడు. లోపల ఒక పొడుగాటి బల్ల, దాని చివర బ్రేకు బిగించిన ఒక మోటారు, గోడకు వరుసగా విప్పిన కార్డులు.

నేను తీసుకెళ్లింది 7.5 హెచ్‌పీ ఎలివేటరు డ్రైవ్. దానికి కూడా ఓవర్‌లోడే. ఈసారి నేను మా మిల్లులోనే ఆయన నేర్పిన వరుసలో చూశాను. బెల్టు విప్పి మోటారును ఒట్టిగా తిప్పాను, అయినా ట్రిప్ అయింది. మోటారు వైర్లు కూడా డ్రైవ్ నుంచి విప్పేసి ఉత్త డ్రైవ్‌ను నడిపాను. ఏమీ తగిలించకపోయినా డిస్‌ప్లే 6 ఆంపియర్లు చూపింది. లేని కరెంటును చూస్తోందంటే జబ్బు డ్రైవ్‌దే. ఫోనులో చెబితే, "ఇప్పుడు పట్టుకొని రా" అన్నారు. ఆయన ముందు దాన్ని బల్ల మీద విప్పితే, కరెంటు సెన్సారు కాళ్ల దగ్గర ఊక దుమ్మూ తేమా కలిసి పచ్చటి తుప్పు పట్టి ఉంది. భూతద్దంలో చూపించారు. నాలుగు కాళ్లలో ఒకటి దాదాపు కొరుక్కుపోయింది.

అంటే ప్రతిసారీ తప్పు బరువుది అని కాదు. ఒకటొకటిగా విప్పుకుంటూ వస్తే ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. మొదటిసారి డ్రైవ్ బాగుంటే బాగుందన్నారు, రెండోసారి చెడితే చెడిందన్నారు. మొదటిసారి కూడా కార్డు పోయిందని చెప్పి ఉంటే నమ్మి డబ్బిచ్చేవాళ్లం. ఆ నిజాయతీకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తక్కువ వేసేది తేదీల విషయంలో. నాలుగు రోజుల్లో ఇస్తానన్నది తొమ్మిదో రోజు ఇచ్చారు. సెన్సారు దొరకలేదన్నారు, నిజమే కావచ్చు. కానీ ఆ మాట నాలుగో రోజు నేను ఫోను చేస్తేనే తెలిసింది, వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. ఆ తొమ్మిది రోజులు ఆ ఎలివేటరును పాత స్టార్టరుతో నడిపాం. అప్పటికి వాడుకోవడానికి ఇచ్చే డ్రైవ్ కూడా వాళ్ల దగ్గర ఉండదు. సీజన్ మధ్యలో ఉన్న మిల్లుకు ఇది పెద్ద లోటు. పన్ను బిల్లు అడిగితే వారం తర్వాత పంపారు, మా గుమాస్తా నన్ను రోజూ వేపుకుతిన్నాడు. మరమ్మతుకు 6,200 తీసుకున్నారు, ఆరు నెలల హామీ, కూలింగు ఫ్యానులకు మాత్రం హామీ లేదు. తిరిగి ఇచ్చే ముందు బల్ల చివరి మోటారుకు బ్రేకు వేసి రెండు గంటలు భారం మీద నడిపారు. ఆ రెండు గంటల్లో కరెంటు ఎంత ఉందో పావుగంటకోసారి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని డ్రైవ్ లోపల మడిచి పెట్టారు. ఇలా చేసే దుకాణాన్ని నేను ఇంతవరకు చూడలేదు. డ్రైవ్ ఇప్పటికీ నడుస్తోంది.

నా లెక్కలో లోపం కనిపెట్టడానికి అయిదుకు అయిదు, ధరకు అయిదు, మాట ప్రకారం ఇవ్వడానికి రెండున్నర. సీజన్ లేనప్పుడు కళ్లు మూసుకొని ఇవ్వండి. సీజన్‌లో అయితే చేతిలో ఇంకో డ్రైవ్ పెట్టుకొని ఇవ్వండి.

నంబరు కావాలంటే మా వైపు మిల్లుల ఎలక్ట్రీషియన్లను అడగండి, సగం మంది దగ్గర ఉంటుంది. ఆయనకు ఫోను చేసే ముందు నేమ్‌ప్లేటు ఫొటో, డ్రైవ్‌లో మోటారు రేటెడ్ కరెంటు ఎంత పెట్టి ఉందో ఆ అంకె, మూడు వైర్ల మీద టాంగ్ టెస్టరు రీడింగులు, అవి తీసిన వేళ దగ్గర పెట్టుకోండి. ఇవి లేకుండా చేస్తే ఆయన విసుక్కోరు, తెచ్చుకొని మళ్లీ చేయమంటారు.